మల్లేశుకు పిడుగులు, కుర్మూర్తికి వాన

మధ్యాహ్నం మూడు దాటింది. కొత్తకోటలో మా దుకాణం ముందున్న వేపచెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు. రోడ్డు మీద తారు మెత్తబడి లారీ టైర్ల కింద చిరచిరమంటోంది. లోపల మందుల వాసన, ఉన్ని వాసన కలిసి ముక్కుకు పట్టేశాయి. అంతలో ఫోన్లన్నీ ఒక్కసారే అరిచాయి. నాది, గొర్రెల కడుపులో నట్టలకు మందు కోసం వచ్చిన ఇద్దరు కాపరులవి, పక్కన సోడాలమ్మే ఆమెది. పిడుగులు పడే ముందు ఈ మధ్య ప్రభుత్వం పంపుతున్న హెచ్చరిక మోత అది. కాపరులిద్దరూ ఉలిక్కిపడి, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.  ఏం రాసి ఉందో చదవకముందే నా కుడిచెయ్యి మాత్రం గోడ పక్కనున్న జాజు గిన్నె మీదికి పోయింది. జాజు అంటే గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్రమట్టి రంగు. మా దుకాణంలో దానితో మనుషులకు కూడా గుర్తులు పెడతాం. ఆ పని నాకు నేర్పినాయన పోయి మూడేళ్లయింది.

ఆయన పేరు హనుమంతు. పశువుల దవాఖానలో కాంపౌండరుగా చేసి, రిటైరయ్యాక ఈ గొర్రెల మందుల దుకాణం పెట్టారు. ఎదురుపడితే అందరికీ కాంపౌండరు సారు, వెనక్కి తిరిగితే పిరికి సారు. ఆ రెండో పేరు కూడా ఆయనకు తెలుసు. పొడవుగా, సన్నగా, చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న రేడియోతో ఉండేవారు. మబ్బు నల్లబడితే టీ సగంలో వదిలేసి లేచిపోయేవారు. ఎండకని గొడుగు వేసుకుని బయలుదేరి, దారిలో ఉరుము వినపడితే దాన్ని ఎవరి వాకిట్లోనో పడేసి తడుస్తూ పోయేవారు. మర్నాడు ఆ ఇంటివాళ్లు దుకాణం ముందు నిలబడి, "సారూ, మీ గొడుగు మా ఇంట్ల పండుకున్నది, లేపి పంపమంటరా?" అని ఆటపట్టించేవాళ్లు. ఆయన కోపగించుకునేవారు కాదు. "నాకు భయమే. ఎవలడిగినా భయమే అని చెప్త. మీకు లేదంటే మీ వంతు గూడ నేనే భయపడ్త" అనేవారు.

నేను ఆ దుకాణంలో చేరడం కూడా చిత్రంగానే జరిగింది. మాది కొత్తకోట పక్క పల్లె, గొర్రెల మీద బతికే ఇల్లు. చలి తగ్గగానే నా భర్త మల్లేశు, మా బావ బీరయ్య మందను తోలుకుని కృష్ణ దిక్కుకు పోయేవాళ్లు. అక్కడ వరి కోసిన పొలాల్లో మేపుకుంటూ, రాత్రికి ఎవరి చేనులో మంద పెడితే ఆ రైతు పెట్టింది తింటూ, తొలకరికి ఇల్లు చేరేవాళ్లు. ఇంటి దగ్గర నేను, మా తోడికోడలు ఎల్లమ్మ. ఆమెను ఎల్లక్క అంటాను. ఆమె ఒక్కగానొక్క కొడుకు కుర్మూర్తి బొంబాయిలో బిల్డింగుల పనికి వెళ్లాడు. ఒకసారి ఇంటి దగ్గర మిగిలిన గొర్రెపిల్లకు నోట్లో పుండ్లు లేస్తే మందుకని వచ్చి, సీసా మీద రాసి ఉన్నది పైకి చదివాను. సారు కళ్లద్దాలు తీసి నావైపు చూశారు.

"ఇంకోపారి చదువు బిడ్డా."

చదివాను.

"అక్షరాలు మింగుతలేవు. నా కండ్లకు పొర వచ్చింది. రోజింత నాకు చదివి పెడ్తవా? ఊరికె కాదు, జీతమిస్త."

"ఏం చదవాలె సారూ?"

"దేశం" అన్నారు.

పేపరేమో అనుకున్నాను. కాదు, వాతావరణ సూచన. పొద్దున పదకొండు గంటలకు ఆయన ఫోనులో దేశం మొత్తానికి వచ్చిన సూచన, దాని కింద మన రాష్ట్రానిది, నేను నిలబడి బిగ్గరగా చదవాలి. ఎదురుగా గోడ మీద బళ్లో ఉండేలాంటి భారతదేశ పటం. తెలంగాణ రాకముందుది. రాష్ట్రం వచ్చిన రోజు ఆయనే బాల్ పెన్నుతో సరిహద్దు గీశారట, అదీ కొంచెం వంకర. పటం నిండా జాజు వేలిముద్రలు. బయటికెళ్లిన ప్రతి మందకూ ఒక ముద్ర, పనికోసం ఊరిడిసిన ప్రతి మనిషికీ ఒక ముద్ర. బొంబాయి మీదైతే ముద్ర మీద ముద్ర పడి అక్షరాలే కనబడేవి కావు.

ఎండాకాలం చివర్లో ఆ చదువు నాకు వణుకు పుట్టించేది. అదే సూచనలో రాజస్థాన్‌కు దుమ్ము తుఫాను, విదర్భకు వడగాడ్పులు, అస్సాంకు కుండపోత, కేరళ తీరానికి ఎత్తైన అలలు, బంగాళాఖాతంలో అల్పపీడనం, మన దిక్కు ఉరుములు మెరుపులతో ఈదురుగాలులు. ఒక దేశంలో ఒకే రోజు ఇన్ని తీర్ల చావులు పొంచి ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. మొదటి వారం తర్వాత నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఓ రోజు విసుగొచ్చి అడిగేశాను.

"సారూ, మనోళ్లెవ్వరూ అస్సాంల లేరు గద, అక్కడి వానతోని మనకేం పని?"

 ఆయన తన ఊరు సంగతి చెప్పారు. "మాది ఆలంపూరు. ఆ ఏడు మా నెత్తి మీద ఎండ కాస్తున్నది, మేం బట్టలారేసుకుంటున్నం. వాన పడ్డది యాడనో మీద, కర్ణాటకల. తుంగభద్ర వచ్చి ఇంట్లకు దూరింది. మా అమ్మ అటుక మీద రెండు రోజులు కూసున్నది. బతికింది గానీ, సచ్చేదాంక చెంబుల నీళ్లు చూసినా వణికేది. నాకు గా వాన సంగతి ఒక్కలు ముందుగాల చదివి చెప్పింటే, అమ్మను మా చెల్లె ఇంటికి తోలిద్దును." ఆ తర్వాత నేను అస్సాం సంగతి ఎత్తలేదు.

చదవడం అయ్యాక ఫోన్లు. పగటి ఎండలో గొర్రెలు నీడకు నిలబడి, కాపరులు సద్ది తినే వేళ చూసి ఒక్కో మందకు ఫోను చేయాలి. ప్రతి మందనూ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ ఊరు? ఎవరి చేను? ఆ రైతు నంబరెంత? పక్కన ఏమున్నది, చెట్టా, కరెంటు స్తంభమా, చెరువా? ఠాణాలో అడిగినట్టు ఉండేది నాకు. ఇంకో నియమం కూడా ఉండేది. ఏ మందకైనా హెచ్చరిక లేకపోతే "ఏం లేదు" అనకూడదు. ఒకసారి నేను అలా అంటే ఫోను నా చేతిలోంచి గుంజుకున్నారు. "ఆకాశం నీకేమన్న కాయితం రాసిచ్చిందా? ఇప్పటికైతే కనవడ్తలేదు అను" అన్నారు. నాకు నవ్వొచ్చింది. రెండూ ఒకటే కదా అనుకున్నాను.

మందలు బయలుదేరే ముందు కాపరులంతా మందులకు వచ్చేవాళ్లు. అప్పుడు సారు బల్ల మీద ఖాళీ మందు సీసాలను గుంపుగా పెట్టి, మధ్యలో ఒక కట్టె నిలబెట్టి పాఠం చెప్పేవారు. "గొర్రె బుగులు పడితే పక్క గొర్రె కడుపు కింద తల పెడ్తది. అన్నీ ఒక్క ముద్దయితయి. చెట్టు మీద పడ్డ పిడుగు అన్నిట్లకెళ్లి పోతది. అందుకే మబ్బు లేస్తే వాటిని చెట్టు కింది నుంచి చెదరగొట్టాలె. మీరు పల్లంల కాళ్లు దగ్గరికి తీస్కొని కూసోవాలె." అని సీసాలను చేత్తో నలుదిక్కులా తోసేవారు. ఒక ఏడు ఆ పాఠం విన్నవాళ్లలో మా బావ కూడా ఉన్నాడు. భుజాన గొంగడి, చెవులకు పోగులు, నవ్వితే సగం పళ్లే కనబడే మనిషి. ఆయన తల గోక్కుని అన్నాడు:

"చెదరగొట్టుడు మాకు రాదు సారూ. మా తాత, మా నాయిన, మేము, పుట్టి బుద్దెరిగినకాడి నుంచి కూడగొట్టుడే నేర్చినం. మబ్బు లేస్తే చెయ్యి దానంతటదే కూడగొడ్తది."

అందరూ నవ్వారు. సారు నవ్వలేదు. ఒక సీసా దొర్లి కింద పడబోతే బావే పట్టుకుని, "మా సుజాత రేడియో అయింది గద, అది చెప్తది తియ్యి, మాకేం ఫికర్" అని నావైపు చూశాడు. నాకు గర్వంగా అనిపించింది. ఇంట్లో నలుగురి ముందు నా చదువుకు విలువిచ్చిన మొదటి మనిషి ఆయన. 

జిల్లాలు ముక్కలు చేసిన తర్వాత రెండో ఎండాకాలం వచ్చింది. మా కొత్తకోట వనపర్తి జిల్లాలోకి పోయింది. ఆఫీసుల బోర్డులు మారాయి, బస్సుల మీద రాతలు మారాయి, మా నోట్లో మాత్రం ఏదీ మారలేదు. మా ఇళ్లలో మహబూబ్‌నగర్‌ను పాలమూరు అనే అంటారు, కృష్ణ దిక్కు పోయామంటే నల్లగొండ పోయామనే. తాతల కాలం నుంచి అంతే. మా మంద ఆ ఏడు హుజూర్‌నగర్ చుట్టుపక్కల మేస్తోంది. గోడ మీద సారు పెట్టిన మల్లేశు ముద్ర నల్లగొండ అన్న అక్షరాల మీద సరిగ్గా కూర్చుంది. పాత పటం కదా, దాంట్లో ఇంకో పేరు లేదు.

ఆ ఎండాకాలం చివర్లో ఒక రోజు సారు లేరు. తల్లి సంవత్సరీకమని పొద్దున్నే ఆలంపూర్ బస్సెక్కారు. పోతూ పోతూ, "నాలుగూ అడుగు, మర్చిపోకు" అన్నారు. పదకొండింటికి ఖాళీ దుకాణంలో నేనొక్కదాన్నే నిలబడి నా ఫోనులోనే దేశమంతా చదివాను. రాష్ట్రం దగ్గరికొచ్చేసరికి పిడుగుల హెచ్చరిక ఉన్న జిల్లాల పేర్లు వరుసగా ఉన్నాయి. ఖమ్మం ఉంది, సూర్యాపేట ఉంది. నేను నల్లగొండ కోసం వెతికాను. లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

పగటిపూట మల్లేశుకు ఫోను చేశాను. వాళ్లు అప్పటికే తిరుగుదారి పట్టారు.

"శానా ఉక్కపోస్తున్నదే" అన్నాడు. "ఈడ బడి ఉన్నది, సెలవులు గద, వరండా ఖాళీ. ఇయ్యాల ఈడనే ఆగుదమా అంటున్నడు అన్న. ఏమన్న ఉన్నదా?"

"నల్లగొండకు ఏం లేదు. ఫికర్ చెయ్యకు."

"అట్లయితే ముందటూరికి నడుస్తం. గింత జల్ది నడిస్తే నాలుగు దినాలు ముందుగాలనే ఇల్లు పడ్తం."

నాకు సంబరమైంది. నాలుగు ప్రశ్నలు అడగలేదు. మొగుడితో మాట్లాడుతూ ఎవరి చేను, రైతు నంబరెంత అని ఎవరడుగుతారు? కాలిలో ముల్లు దిగిందన్నాడు, అది మానిందా అని అడిగాను. ఎల్లక్క బావకోసం పచ్చడి పెట్టిందని చెప్పాను. ఆ పక్కనుంచి బావ ఏదో అరిచి నవ్వడం వినిపించింది. అదే ఆఖరిసారి.

మూడున్నరకు సారు ఫోను చేశారు. ఆలంపూర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి, హోటల్లో టీవీ చూశారట.

"మల్లేశు మంద యాడున్నది?"

"నల్లగొండల సారూ."

"నల్లగొండల యాడ?"

"హుజూర్‌నగర్ దిక్కు."

అవతల బస్సుల హారన్లు మోగాయి. తర్వాత, "హుజూర్‌నగర్ ఇప్పుడు సూర్యాపేటల ఉన్నది బిడ్డా" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేను ఎప్పుడూ వినలేదు.

 మల్లేశుకు చేస్తే స్విచాఫ్. బావకు ఫోనే లేదు. అడగని నంబరు ఎక్కడి నుంచి వస్తుంది? ఫోన్ల జవాబులు రాసుకునే నోటుబుక్కు వెనక్కి తిరగేశాను. వారం కింద మంద ఆగిన చేను పేరు, రైతు సైదమ్మ అని, కింద నంబరు, సారు చేతిరాతతో ఉంది. చేశాను. ఎత్తింది.

"అమ్మా, నేను పాలమూరు గొర్లోళ్ల ఇంటిదాన్ని. మావోళ్లు..."

"మీవోళ్లా? జరంత సేపు కిందనే మళ్ల మా కాడికెళ్లి తోలుకపోయిండ్రు, కాలువ దిక్కు. ఈడ మబ్బు పట్టిందమ్మా, శానా నల్లగున్నది."

"చెట్టు కింద ఉండొద్దని చెప్పండ్రి! గొర్లను చెదరగొట్టుమనండ్రి! నీ కాల్మొక్త, ఎవర్నన్న పంపు తల్లీ!"

ఆమె భర్తను కేకేసింది. బండి స్టార్టయిన చప్పుడు విన్నాను. ఆమె ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. నా ముందు రోడ్డు మీద ఎండ ఫెళ్లున కాస్తోంది, సోడాలమ్మే ఆమె కునికిపాట్లు పడుతోంది, నా చెవిలో మాత్రం ఉరుములు. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాత దేన్నో చీల్చినట్టు ఒక చప్పుడు. సైదమ్మ "అయ్యో దేవుడా" అంది. ఫోను తెగిపోయింది.

ఆ తర్వాత అరగంట నేను ఏం చేశానో నాకు గుర్తు లేదు. నేల మీద కూర్చుని ఉన్నానని, ఎవరో నీళ్లు ఇచ్చారని తర్వాత చెప్పారు. తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. మల్లేశు గొంతు. బతికున్నాడని తెలియగానే నా ఒళ్లంతా సంతోషంతో తేలికైంది. ఆ ఒక్క క్షణం సంతోషానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. ఎందుకంటే మరుక్షణమే ఆయన, "సుజాతా... అన్న" అని ఏడ్చాడు.

తర్వాత అంతా చెప్పాడు. కాలువ గట్టు పక్కన పెద్ద చింతచెట్టు. మబ్బు లేవగానే బావ చేతులు వాటంతటవే పనిచేశాయి. మందనంతా చెట్టు కిందికి కూడగొట్టి, రెండు చిన్న గొర్రెపిల్లల మీద గొంగడి కప్పి పట్టుకున్నాడు. మల్లేశు కుంటుతున్న గొర్రెతో వెనకబడ్డాడు. గట్టు మీద నుంచి సైదమ్మ భర్త అరుస్తుంటే ఏమంటున్నాడో వినపడక, అటు పరుగెత్తాడు. అప్పుడే చెట్టు మీద పిడుగు పడింది. నా ఫోనుతో వచ్చిన మనిషి పిలిస్తే నా మొగుడు గట్టు దిక్కు తిరిగాడు. నా మాట నమ్మి మా బావ ఆ చెట్టుదాకా నడిచాడు.

బావను ఊరికి తెచ్చి మట్టి చేశాం. మూడో రోజు నేను దుకాణానికి వెళ్లింది తాళంచెవులు ఇచ్చేద్దామని. సారు వాటిని తీసుకోలేదు. గెడ్డం పెరిగి, కళ్లు లోతుకు పోయి పదేళ్లు ముసలివాడైనట్టున్నారు. ఫోను నా ముందు పెట్టారు.

"చదువు."

"నేను చదవను సారూ. నా నోరు మంచిది కాదు."

"ఇంక పదకొండు మందలు బయటనే ఉన్నయి. వాటికెవలు చదవాలె?"

చదివాను. రాజస్థాన్ దగ్గర ఆగిపోయి, మళ్లీ చదివాను. మన రాష్ట్రం దగ్గరికొచ్చేసరికి అక్షరాలు అలికిపోయాయి. ఆయన తొందరపెట్టలేదు. అంతా అయ్యాక లేచి పటం ముందు నిలబడ్డారు. "ఈ ముద్ర పెట్టిన వేలు నాది. నాలుగు నెలలు పొద్దుమాపు దీని ముందటనే కూసున్న. జిల్లాలు మారినయని నా బుర్రకు తట్టలే. పేర్లు చదివినం బిడ్డా, మనుషులను మర్చినం" అన్నారు. ఆ సాయంత్రమే ఆ పటం ఊడదీశారు. కొత్త జిల్లాలున్న రాష్ట్రపు పటం ఒకటి, దాని పక్కన దేశానిది ఒకటి తెప్పించారు. ముద్రలు ఊరి మీద పెట్టడం మొదలైంది. చదివే పద్ధతి కూడా మార్చేశారు. ముందు మనిషి, తర్వాత ఊరు, ఆ తర్వాతే జిల్లా. "రాములుకు వడగాడ్పు. నర్సమ్మ కొడుకుకు గాలిదుమారం. మల్లేశుకు పిడుగులు." అలా చదువుతుంటే దేశం చిన్నదైపోయి, భయం మాత్రం పెద్దదయ్యేది.

పది రోజులయ్యాక ఆయన అసలు మాట ఎత్తారు. "ఎల్లమ్మకు చెప్పినవా?"

చెప్పలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పిడుగు పడింది, మనిషి పోయాడు, అంతవరకే అందరికీ తెలుసు. మల్లేశు తెలిసినా నోరు మెదపలేదు. "చెప్తే నన్ను ఇంట్ల ఉండనిస్తదా సారూ?" అన్నాను.

"ఉండనియ్యకపోవచ్చు" అన్నారు. బుజ్జగించలేదు. "గానీ చెప్పకుండ ఎన్ని దినాలు ఆమె పెట్టింది తింటవ్? నేను గూడ వస్త."

మా వాకిట్లో మంచం మీద కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. నిలబడే, ముందుగా తన తప్పు చెప్పారు. ముద్ర తప్పు పెట్టింది తనేనని, ఆ రోజు ఊరెళ్లింది తనేనని. తర్వాత నేను చెప్పాను. ఏం లేదని అన్నది నేనేనని, ఆ మాట మీదే వాళ్లు బడి వరండా వదిలి నడిచారని. ఎల్లక్క చాటలో జొన్నలు చెరుగుతోంది. చేతులు ఆగిపోయాయి. అరవలేదు, మన్నెత్తి పోసి తిట్టలేదు. చాట పక్కన పెట్టి నావైపు చూసి ఒక్కటే అడిగింది.

"నువ్వు ఫోను చేస్తే నీ మొగనికే ఇనవడ్డదా?"

 సారు తల దించుకుని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఎల్లక్క పొయ్యి వేరు పెట్టుకుంది. ఒకే వాకిలి, ఒకే నీళ్ల కుండీ, మాటలు లేవు. మళ్లీ చలి తగ్గింది. మల్లేశు మిగిలిన గొర్రెలతో, ఇంకో కాపరిని తోడు తీసుకుని బయలుదేరాడు. వద్దని కాళ్లు పట్టుకున్నాను. "ఇంకేం పని చేతనైతది నాకు?" అన్నాడు. ఆ నాలుగు నెలలూ ఆయనకు రోజుకు మూడుసార్లు ఫోను చేశాను. నాలుగు ప్రశ్నలూ అడిగాను. మొగుడని ఒక్కటీ తగ్గించలేదు. 

ఆ ఏడు కూడా ఎండాకాలం ఆఖరుకొచ్చింది. ఓ పొద్దున పదకొండింటికి చదువుతున్నాను. "మల్లేశుకు పిడుగులు" అన్నాక తలెత్తితే, దుకాణం గడప అవతల ఎల్లక్క నిలబడి ఉంది. నెత్తిన కొంగు, చెప్పుల్లేని కాళ్లు. మా పల్లె నుంచి నడిచొచ్చింది. సారు లేచి తన కుర్చీ ఆమెకు వేశారు. ఆమె గడప మీదే కూర్చుంది. ఏడాది తర్వాత నాతో మొదటి మాట అన్నది.

"బొంబాయిల వాన దంచుతదంటున్నరు. కుర్మూర్తికేమున్నది? చూసి చెప్పు."

కళ్లనిండా నీళ్లు వచ్చి ఫోను కనబడలేదు. సారు నా మోచేతిని పట్టుకుని, "మెల్లగ" అన్నారు. చదివాను. "కుర్మూర్తికి వాన. శానా వాన. ఎల్లుండి దాంక. పల్లపు జాగల ఉండొద్దని, పని బందువెట్టి మీదికి పొమ్మని చెప్పాలె అక్కా." అక్కడే ఫోను కలిపి ఆమె చేతికిచ్చాను. ఏ జాగ, ఎవరి బిల్డింగు, మేస్త్రి నంబరెంత, పక్కన ఏమున్నది, నాలుగు ప్రశ్నలూ ఆమే అడిగింది. ఎప్పుడు విందో, ఎక్కడ నేర్చుకుందో, ఒక్కటీ మర్చిపోకుండా అడిగింది.

సారు ఆ తర్వాత ఇంకొన్నేళ్లు ఉన్నారు. ఏ పిడుగూ వరదా కాదు, జ్వరం వచ్చి మంచంలో పోయారు. చివరి వారంలో కూడా నేను వెళ్లి చదివేదాన్ని. అంతా విని, "అందరూ అయిండ్రా? ఎవలన్న మిగిలిండ్రా?" అని అడిగేవారు. దుకాణం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. కాపరులు నన్ను వెనకాల పిరికి సుజాత అంటారట. అననివ్వండి. ఎవరు పలకరించినా నా నోట బాగున్నావా అన్న మాట కంటే ముందు, యాడున్నవ్ అన్నదే వస్తుంది.

ఇవాళ ఫోన్లు అరిచినప్పుడు ఎల్లక్క లోపలే ఉంది, పెట్టెల్లోంచి సీసాలు తీసి సర్దుతోంది. మోత వినగానే అన్నీ వదిలి వచ్చి గడప మీద తన జాగాలో కూర్చుంది. నేను చదవడం మొదలుపెట్టాను. కాపరులిద్దరి నవ్వూ ఆగిపోయింది. మల్లేశు, కుర్మూర్తి, రాములు, నర్సమ్మ కొడుకు, అందరూ అయ్యారు. ఫోను పక్కన పెట్టబోయాను. పటం మీద హుజూర్‌నగర్ దగ్గర, కాలువ ఒంపులో, ఇంకో జాజు ముద్ర ఉంది. కొత్త పటం తెచ్చిన రోజు సారు ఎవరికీ చెప్పకుండా పెట్టింది. వానాకాలంలో మిగతా ముద్రలన్నీ తుడిచేస్తాం, దాన్ని తుడవం. దాన్నెప్పుడూ పైకి చదవం కూడా.

"ఇంకొకరు మిగిలిండ్రు" అంది ఎల్లక్క.

"అక్కా..."

"మీ బావకు ఇయ్యాల ఏమున్నది? చదువు."

ఫోను మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. ఊరు చూశాను, మండలం చూశాను, జిల్లా పేరు ఒకటికి మూడుసార్లు చూశాను. కింది నుంచి పైకి ఇంకోసారి చూశాను. ఎల్లక్క కళ్లార్పకుండా నన్నే చూస్తోంది.

"బావకు ఇప్పటికైతే ఏం కనవడ్తలేదక్కా" అన్నాను.